స్క్రోలు రంపముపై కొయ్యపక్షులు

(అనకాపల్లి వార్షిక మహాసభయందు చదువబడిన యుపన్యాసము)



మన కులవృత్తుల ప్రాచీనతను గూర్చి మాటలాడవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ఆ విషయమును మాకంటె చక్కగ చెప్పగల పండితు లీ వేదికమీదనే యున్నారు. మేము చదివినది కొంచెము, కోసినది యెక్కువ. కాబట్టి మాకు తెలిసిన యొక్క పనిని గూర్చియే, అనగా స్క్రోలు రంపముమీద పెద్దపెద్ద పక్షుల యాకృతులను సన్నని జాలీగా కోయు పనిని గూర్చియే, మనవిచేయ దలచితిమి. ఇంత చిన్న విషయమునకు మహాసభ యేల యని కొందఱికి తోచవచ్చును. వినిన పిమ్మట వారే నిర్ణయింతురు గాక.

ఈ విషయమునే యెన్నుకొనుటకు ఒక కారణము కలదు. నిన్న సాయంకాలము ఈ ప్రాంగణములోని ప్రదర్శనశాలలో మా నెమలిని గోడకు ఆన్చి నిలిపితిమి. ముక్కు మొదలు పింఛము కొనవఱకు నాలుగడుగులు గలది. ఒక యువకుడు, మన కులమువాడే, దానిని చాలసేపు చూచి, "బాగున్నది గాని, యంత్రము చేసినదే గదా!" అని వెడలిపోయెను. అతనిపై మాకు కోపము లేదు. ఆ మాటలో కొంత సత్యమున్నది. మిగిలినదానిని చెప్పుటకే యీ పత్రము.

ఈ కాలమున మన పనిలోనికి వచ్చిన యంత్రములు రెండు తెగలు. ఒకదానికి కంప్యూటరులో బొమ్మ నెక్కించి, మీట నొక్కి, మనము టీ త్రాగ పోవచ్చును. అది తనంత తానే తలుపుమీద లక్ష్మీదేవిని చెక్కి పెట్టును. సి.ఎన్.సి. యని దాని పేరు. ఉలి చేతబట్టి తలుపులు చెక్కిన మన కుటుంబములలో ఎన్నింటి యన్నము దాని పాలైనదో ఈ సభలోనివారికి మేము చెప్పనక్కరలేదు.

రెండవది స్క్రోలు రంపము. దీనికి తెలివి లేదు. పైనొక చేయి, క్రిందనొక చేయి. రెంటి నడుమ అయిదంగుళముల పొడవుగల సన్నని బ్లేడు వీణతీగవలె బిగింపబడి, నిమిషమునకు 400 మొదలు 1800 మాఱుల వఱకు క్రిందికి మీదికి ఆడుచుండును. అంతే. అది ముందుకు పోదు, వెనుకకు రాదు, మలుపు తిరుగదు. త్రిప్పవలసినది కొయ్యను, త్రిప్పవలసినవి మన రెండు చేతులు. గీతనుండి వెండ్రుకవాసి తొలగినను ఆ తప్పు మన వ్రేళ్లదే. సారె తిరుగుచున్నంత మాత్రమున కుండను సారెయే చేసెనందుమా?

మా తండ్రిగారి కాలమున మాయింట ఈ విద్యుత్తు రంపము లేదు. ధనుస్సువంటి యినుపచట్రమునకు బ్లేడును బిగించి, నడుమ చీలికగల చిన్నపలకను బల్లయంచున బిగించి, దానిపై పనిని అదిమిపట్టి చేతితో కోసెడివారు. పాశ్చాత్యదేశములలో 19వ శతాబ్ది యుత్తరార్ధమున పాదముతో త్రొక్కి నడుపు రంపములు విరివిగా అమ్ముడుపోయి, జాలీపని గృహస్థులకు సయితము ఒక వేడుకయయ్యెను. మనకు మాత్రము సన్నని కోత వేడుకగా వచ్చినది కాదు. 18వ శతాబ్దియందు విశాఖపట్టణమున మన కంసాలివారు యూరోపియనుల కొఱకు దంతమును పలుచని రేకులుగా కోసి, పెట్టెలకును కుర్చీలకును బల్లలకును పొదిగి, వానిపై లతలను గీచి, గీతలలో లక్కను నింపెడివారు. ఆ వస్తువులు నేటికిని లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియమునందు గలవు. మన దేశపు ఏనుగుదంతపు వ్యాపారమును 1986 నాటి చట్టసవరణ ఆపివేసినది. ఆపుట మంచిదే, ఏనుగు బ్రతుకుట మన పెట్టెలకంటె ముఖ్యము. దంతము పోయినను దానిని కోసిన చేయి పోనక్కరలేదు గదా!

ఇక పక్షులనే యేల కోయవలెను? మన ద్వారబంధముల మీదను, ఊయలబల్లల మీదను చిలుకలు లేని యిల్లు ఒకప్పుడు అరుదు. దేవుని యూరేగింపునకు హంసవాహనము, గరుడవాహనము చేసినవారము మనమే. దసరానాడు పాలపిట్టను చూడనిదే పండుగ తీఱదు. 2018లో మన ఆంధ్రప్రదేశమువారు ఆ పాలపిట్ట స్థానమున రామచిలుకను రాష్ట్రపక్షిగా నిర్ణయించిరి. పాలపిట్ట తెలంగాణమువారికి రాష్ట్రపక్షిగా నిలిచినది. ఏ విధముగ చూచినను వడ్రంగికి రెండు పక్షుల పని దొరకినది.

మన జిల్లాలోనే వరాహనది యొడ్డున ఏటికొప్పాక గలదు. అచ్చటి పనివారు అంకుడుకఱ్ఱను తరిమెనమీద త్రిప్పి, ఆ తిరుగుడు వేడిమికే లక్కను కరగించి బొమ్మకు పట్టింతురు. వారి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించెను. చెట్టుచేమల రంగులను మరల వాడుకలోనికి తెచ్చిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చెను. 2025 గణతంత్రదినమున ఢిల్లీలో మన రాష్ట్రపు శకటము ఆ బొమ్మలతోనే నడచెను. వారి చిలుక గుండ్రముగ, ముద్దుగ, పసిబిడ్డ నోటబెట్టుకొనినను విఱుగకుండ నుండును. మా పని దానికి తలక్రిందులు. మాది చదునైన పలక. తిరుగదు కాబట్టి లక్క దానిపై ఆ విధముగ నిలువదు. మా పక్షికి అందము వచ్చునది తీసివేసిన చోటనే. ఈకకును ఈకకును నడుమనున్న సందే ఈకను చూపును. కాని ప్రతి సందును పక్షి బలమును కొంత అపహరించుచుండును. పక్షి పెద్దదైనకొలది ఈ తగవు పెద్దదగును. అరచేతియంత పిచ్చుకను ఎట్లు కోసినను నిలుచును. నాలుగడుగుల నెమలి నిలువదు.

అది యేల నిలువదో కొంచెము విరివిగా చెప్పనిండు. ఇదియే మా పనికి ఆయువుపట్టు.

అనకాపల్లివారికి చెఱకుగడ తెలియనిది కాదు. దానిని కత్తితో నిలువున చీల్చుట సులభము. అడ్డముగ విఱుచుటకు మోకాలు కావలెను. కొయ్యలోని నారయు నంతే. సన్ననిభాగము నారవెంబడి పోవుచున్నచో, అది విఱుగవలెనన్న నారపోగులన్నియు తెగవలెను. ఆ భాగమే నారకు అడ్డముగ పడినచో, పోగునకును పోగునకును నడుమనున్న పట్టు మాత్రమే దానిని నిలుపును. పిల్లవాని మోచేయి తగిలినను ఊడిపోవును. ఇది మన తాతలందఱు ఎఱిగినదే. ద్వారబంధము చేయువాడు నారను తప్పుగ పెట్టడు. కాని పక్షి ద్వారబంధము కాదు. దాని కాళ్లు నిలువుగ నుండును, తోక అడ్డముగ నుండును, ముక్కు ఏటవాలు, మెడ మూడు దిక్కులకును పోవును. పలకకు నార యొకే దిక్కున గలదు. కాబట్టి ఏ పలకమీద ఏ పక్షిని గీచినను, ఎక్కడనో యొకచోట కొయ్య పక్షికి శత్రువగును. ఆ చోటు ఎక్కడ యని రంపము నెక్కించుటకు ముందే కనిపెట్టవలెను. మేము బొమ్మ గీచిన కాగితమును పలకకు అతికించిన పిమ్మట, నార పాఱు దిక్కున ఎఱ్ఱగీతలు గీచి, ఆ గీతలకు అడ్డుపడిన సన్నతావులన్నిటిని చుట్టి గుఱుతు పెట్టుదుము. నెమలిలో ఆ గుఱుతులు సామాన్యముగ మూడుచోట్ల పడును: మెడవంపు, శిఖ, పింఛము మొదలు. శిఖలోని పుల్లలను విడివిడిగ గాలిలో వదలక, కొనలయందు ఒకదాని నొకటి అంటునట్లు గీచినచో అవి యొకదానికొకటి సాయముండును. ప్రకృతిలో అట్లుండదని కొందఱందురు. ప్రకృతిలోని నెమలికి ఎముక గలదు. మా నెమలికి లేదు.

ప్లైవుడ్డులో ఈ బాధ తక్కువ. అందులో పొర నిలువుగ నుండిన దానిపై పొర అడ్డముగ నుండును కాబట్టి ఏ దిక్కునకైనను కొంత బలముండును. నేర్చుకొనువారు మొదట దానిమీదనే కోయుట మంచిది. అయితే చౌకరకమును కొనవలదు. దాని లోపలిపొరలలో సందు లుండును. అయిదు గంటలు కోసిన పిమ్మట సన్నని యీక సరిగా ఆ సందుమీదనే పడి చేతిలోనికి వచ్చును. పలకయంచులను నాలుగువైపుల చూచి, వ్రేలితో తట్టి, డొల్లచప్పుడు వచ్చినదానిని వదలిపెట్టుడు. బర్చికొయ్యతో చేసిన దిగుమతి ప్లైవుడ్డు శ్రేష్ఠము. వెలయు నట్లే యుండును. టేకు మనకు ప్రియమైనది గాని రంపమునకు ప్రియము గాదు. దానిలో ఇసుకవంటి సూక్ష్మపదార్థము గలదు. బ్లేడు పళ్లను అది త్వరగా తినివేయును.

కోతలో వరుస కూడ ముఖ్యమే. వెలుపలిగీతను మొదట కోసినవాడు పని చెడగొట్టుకొనును. ముందు లోపలి సందులు, వానిలోను చిన్నవి ముందు. ప్రతి సందునకు బరమాతో ఒక రంధ్రము చేసి, బ్లేడును పైకొస విప్పి, ఆ రంధ్రములో దూర్చి, మరల బిగించి కోయవలెను. మా నెమలికి ఇట్టివి నాలుగువందలకు పైబడినవి. అనగా నాలుగువందలకు పైగా మాఱులు బ్లేడును విప్పితిమి, బిగించితిమి. బిగువు సరిగా నున్నదా యని వ్రేలితో మీటి వినవలెను. స్పష్టముగ పలికినచో సరి. మొద్దుగ పలికినచో అది గీతను వదలి తన యిష్టమువచ్చినట్లు పోవును. బ్లేడు పళ్లు క్రిందికి చూడవలెను. తలక్రిందులుగా బిగించినచో కొయ్య యెగిరిపడును. నవ్వకుడు, ఈ తప్పును మొదటివారములో చేయనివారిని మేము చూడలేదు. అడుగుముఖము చిట్లకుండుటకు, క్రిందికొసన కొన్ని పళ్లు పైకి చూచునట్లు చేసిన బ్లేడులును దొరకును. అన్నిటికంటె సన్ననివి, వణకునవి, శిఖవంటివి, కడపట కోయుదుము. కోసి తీసిన ముక్కలను పాఱవేయక, పెద్ద సందులలో మరల యథాస్థానమున నుంచి వెనుక టేపు అంటించినచో, పని ముగియువఱకు అవి పక్షికి ఊతగా నుండును. చుట్టునున్న కొయ్య ఎంతకాలముండునో పక్షి అంతకాలము క్షేమము.

పెద్దపక్షికి మఱియొక చిక్కు గలదు. బ్లేడునుండి వెనుకనున్న స్తంభమునకు గల యెడమును బట్టి రంపము సామర్థ్యము. మా రంపమునకు ఆ యెడము 20 అంగుళములు. పలకను పూర్తిగ త్రిప్పవలెనన్న, బ్లేడునుండి పలక దూరపుమూల 20 అంగుళములకు లోపల నుండవలెను; లేనిచో స్తంభమునకు కొట్టుకొనును. నాలుగడుగుల నెమలిని దానిమీద ఎట్లు త్రిప్పుదుము? ఇందుకు మెలిపెట్టిన బ్లేడులు గలవు. వానికి అన్నివైపుల పళ్లుండును. పలకను త్రిప్పకయే ముందుకు, వెనుకకు, ప్రక్కకు జరపి కోయవచ్చును. కాని కోత వెడల్పగును, అంచు గరుకగును, గీత తిన్నగ రాదు. మేము వానిని ఈకల చివరలకు మాత్రమే వాడుదుము. రెండవయుపాయము పక్షిని రెండు ముక్కలుగా కోసి అతుకుట. ఈ మాట చెప్పగనే మన పెద్దలలో కొందఱు మొగము చిట్లింతురు. మేమును ఒకప్పు డట్లే చిట్లించితిమి. దాని ఫలము చెప్పెదము.

కొన్నియేండ్ల క్రిందట ఒక గృహస్థు తమ క్రొత్తయింటి పూజగదికి అడ్డుతెరగా హంసలజంటను కోరిరి. ఒక్కొక్కటి మూడడుగుల యెత్తు, టేకు. "అతుకు లేకుండ ఒకే పలకలో కోసి యిత్తుము" అని మేము పలికితిమి. వారు కోరలేదు, మేమే పలికితిమి. మెడలు నిలువునారలో చక్కగ వచ్చినవి. కాని హంసమెడ పైకి పోయి, వంగి, ముక్కును క్రిందికి దించును గదా! ఆ వంపులో రెండంగుళముల మేర కొయ్య నారకు అడ్డుపడినది. గీచినపుడే మాకు తెలిసినది. లావుచేసినచో సొగసు చెడునని సన్నముగనే విడిచితిమి. గృహప్రవేశమునకు రెండుదినము లుండగా, రాత్రివేళ, రెండవహంసను బల్లమీదనుండి ఎత్తుచుండ టప్పున శబ్దమైనది. తల వ్రేలాడుచున్నది.

టేకులో సహజముగ నూనె యుండును. జిగురు గట్టిగ పట్టవలెనన్న విఱిగిన ముఖములను ద్రావకముతో తుడిచి వెంటనే అతుకవలెను. తొందరలో అదియు చేయలేదు. టేకుపొట్టును జిగురులో కలిపి, పగులు నిండ మెత్తి, ఉప్పుకాగితముతో రుద్ది, నూనె పట్టించి పంపితిమి. ఎవ్వరికిని తెలియలేదు. పైకమును పూర్తిగ పుచ్చుకొంటిమి. తాంబూలమును పుచ్చుకొంటిమి.

శ్రావణమాసమున కబురు వచ్చెను. వానతేమకు పగులు తెఱచుకొని, హంసతల ఊడి హారతిపళ్లెరములో పడినదట. ఆ యింటి పెద్దమ్మగారు అది యశుభమని దిగులుపడి రెండుదినములు సరిగా భోజనము చేయలేదట. మేము పోయి చూచి ఏమంటిమి? "అమ్మా, కొయ్యలోనే దోషమున్నది, మాకును తెలియలేదు" అంటిమి. ఆ ముక్కను జేబులో వేసికొని యింటికి తెచ్చితిమి. మా తమ్ముని కుమార్తె, అప్పటికి పదునేడేండ్లది, దానిని చేతబట్టి వెలుతురున త్రిప్పి చూచి, "పెదనాన్నా, ఇది పాతజిగురు గదా! కొయ్యకు నోరు లేదని దానిమీద నెట్టితిరా?" అని యడిగెను.

ఆ రాత్రి మాకు నిద్ర లేదు. మఱునాడు మరల పోయి, జరిగినది జరిగినట్లు చెప్పితిమి. పెద్దమ్మగారు చాలసేపు మాటలాడలేదు. తుదకు, "ఆచారిగారూ, విఱిగినదని ఆనాడే చెప్పియున్నచో అతుకుతోనే పెట్టుకొందుము గదా. మాయింట అతుకులేని వస్తువేది?" అనిరి. హంసలు రెంటిని మరల కోసి యిచ్చితిమి. కూలి పుచ్చుకొనలేదు. ఈసారి మెడవంపు వెనుక పలుచని టేకుబద్దను, దాని నార వంపువెంబడి పోవునట్లు అతికించి, దానిని వారికి చూపి మఱి యమర్చితిమి. నేటివఱకు నిలిచియున్నవి.

ఈ కథను సభలో చెప్పదగునా యని మాయింట వాదము జరిగినది. చెప్పకున్నచో పైన చెప్పిన నారమాటలకును జిగురుమాటలకును విలువ లేదని మేమే పట్టుపట్టితిమి.

అతుకు లేనిదే గొప్పయన్న భావము మనకు ఎక్కడనుండి వచ్చెను? బొబ్బిలి వీణను పనసమ్రానునందు ఏకాండిగా తొలుతురు. అది గొప్పయే, సందేహము లేదు. అచ్చట ఏకాండియగుట నాదమునకు కావలెను. మఱి కొండపల్లివారిని చూడుడు. తెల్లపొణికిలో చేతులు వేఱుగ, కాళ్లు వేఱుగ చెక్కి, చింతగింజల జిగురుతోను మక్కుతోను అతికించి బొమ్మను నిలుపుదురు. వారి బొమ్మను చూచి అతుకుపని యని ఎవ్వడైనను తేలిక చేసెనా? వస్తువునకు ఏది కావలెనో అది చేయవలెను గాని, మన డంబమునకు కావలసినది కాదు. పెద్దపక్షికి అతుకే కావలెను. నిన్నటి నెమలిలో శరీరమును మెడను నిలువునార గల పలకలో కోసితిమి. పింఛమును అడ్డునార గల వేఱుపలకలో కోసితిమి. రెక్క యంచున, ఎట్లును గీత యుండవలసినచోటనే, రెంటిని కలిపితిమి. రంపపు యెడము చిక్కును తీఱినది, నారచిక్కును తీఱినది. మెడవంపున బద్ద యున్నది. ముందుగా ఆలోచించి పెట్టిన అతుకు వేఱు. విఱిగినపిదప మెత్తి దాచిన పగులు వేఱు. రెండును జిగురే, కాని ఒకటి పని, రెండవది మోసము. మా అంగడిలో నేడు ఒక నియమము పెట్టుకొంటిమి. ఏ పక్షి విఱిగినను, బాగుచేసినచోట వెనుకప్రక్క పెన్సిలుతో గుఱుతు వేయుదుము; కొనువారికి చూపుదుము; వెల తగ్గించుదుము. దీనివలన నష్టపోయిన దినములును గలవు. ఒకరు గుఱుతును చూడగనే వస్తువును వదలి వెడలిరి. ఏమిచేయుదుము!

వెలను గూర్చి కూడ ఒక్కమాట. మనవారు అలవాటుచొప్పున జాలీపనికి సయితము చదరపుటడుగు లెక్కనే బేరమాడుచున్నారు. ఇది తలుపుపలకకు చెల్లును, పక్షికి చెల్లదు. ఒక చదరపుటడుగులో పది సందులుండవచ్చును, నూఱుండవచ్చును. సందుల లెక్కను, గంటల లెక్కను కాగితముమీద వ్రాసి కొనువారి ముందుంచుడు. మేమట్లు చేసిన తరువాత బేరము తగ్గినది. పనిని గౌరవించువారు పెరిగినారని చెప్పజాలము గాని, కొంద ఱైనను ఆశ్చర్యపడి కూర్చుండి చూచుచున్నారు.

ఇపుడు మా మనవిలో కష్టమైన భాగము. మన యువకులు ఈ పని కేల వచ్చెదరు? విశాఖపట్టణమున కంపెనీలో నెలజీతము దొరకుచుండ, ఇంట కూర్చుండి పొట్టు పీల్చుటకు ఎవడొప్పును? (పొట్టు నిజముగనే ప్రమాదము. ముక్కునకు మాస్కు లేకుండ రంపమువద్ద కూర్చుండవలదు. మా దగ్గు మీరందఱు ఇపుడు వినుచునే యున్నారు.) పోయినవారిని నిందింపము. కాని ఉన్నవారిలో నేర్వదలచినవారికి మనము తలుపు తీయుచున్నామా? మా తండ్రిగారి నమూనాల కట్టను వారు ఎవ్వరికిని చూపలేదు. సొంత తమ్మునికిని చూపలేదు. ఆ కాగితములలో సగము చెదలు తిన్నవి. అందొక గరుడుని నమూనా యుండెడిది. రెక్కకు ఇరువది యొక్క ఈక లని మాత్రమే మాకు గుఱుతు. అది నేడు లేదు. ఎవ్వరికి లాభమైనది?

మఱియొకటి. మా అంగడిలో నేడు అందఱికంటె నిలుకడగ కోయునది ఆ జిగురును పసిగట్టిన బిడ్డయే. నిన్నటి నెమలి మెడను, శిఖను కోసినది ఆమెయే. మా చేయి ఇపుడు కొంచెము వణకుచున్నది. "ఆడపిల్లకు రంపమేల? పెండ్లి చేసి పంపవలసినదే గదా" అని పెద్దలు కొందఱు మాతో ననిరి. వారిపై గౌరవముతోనే బదులు చెప్పుచున్నాము. ఈ రంపమునకు భుజబలము అక్కరలేదు. ఓర్పు, చూపు, వ్రేలినేర్పు కావలెను. ఇంటిలోనే చేయదగిన పని. అత్తవారింటికి పోవునపుడు రంపమును కూడ పంపుదుము. వారొప్పుకొననిచో సంబంధమునే ఆలోచింపవలసి వచ్చును.

సంఘమువారికి మా విన్నపములు రెండు. ఒకటి, ఎవరియొద్ద పాతనమూనా లున్నను వానిని నకలు తీయించి సంఘకార్యాలయమున ఉంచుట. మావి అరువది యైదు మిగిలినవి. వచ్చే ఆదివారమే తెచ్చి యిత్తుము. రెండవది, కార్యాలయమున ఒక రంపమును నిలుపుట. 2023 సెప్టెంబరు 17వ తేదీన విశ్వకర్మజయంతినాడు కేంద్రప్రభుత్వమువారు ఆరంభించిన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకమున 18 వృత్తులు చేర్పబడినవి. వడ్రంగము అందొకటి, బొమ్మలపని యొకటి. శిక్షణకాలమున దినమునకు రూ. 500, పనిముట్లకు రూ. 15,000 వఱకు, పిమ్మట నూటికి 5 వడ్డీతో మొదట లక్ష, తరువాత రెండులక్షల ఋణము అందులోని యేర్పాట్లు. దరఖాస్తు వ్రాయుట తెలియక మానివేసినవారు మనలో ఎందఱో గలరు. చదువుకొన్న పిల్లలు ఒకదినము కూర్చుండి వారికి వ్రాసిపెట్టవచ్చును. రంపము వచ్చువఱకు మా రంపము గలదు. ఆదివారములు ఉదయము తొమ్మిదిగంటలనుండి మా అంగడి తెఱచియుండును. ఎవ్వరు వచ్చినను నేర్పుదుము. ప్లైవుడ్డుముక్కను, మాస్కును తెచ్చుకొనినచో చాలును. బ్లేడులు విఱుగును. మొదటి డజను మావి.

నిన్న మాటలాడిన యువకుడు ఈ సభలో నున్నచో, భోజనానంతరము మరల ఒకమాఱు ప్రదర్శనశాలకు రావలసినదిగా కోరుచున్నాము. నెమలిని గోడనుండి తీసి వెనుకకు త్రిప్పి యుంచుదుము. రెక్కయంచున వ్రేలు పెట్టి చూచినచో అతుకు తగులును. పింఛములో ఎడమప్రక్క మూడవ కంటి క్రింద పెన్సిలుగుఱుతు గలదు, అచ్చట విఱిగినది. అతనికి నచ్చినచో బల్లమీద రంపము సిద్ధముగనే యున్నది. ఒక చిన్న చిలుకను గీచి యుంచితిమి.